సొంత ఇంజన్ మీద

మయూర్ విహార్, ఢిల్లీ
12 నవంబరు 1995

అక్కకి,

శేషు నమస్కరించి రాసేది. అందరం క్షేమం అని రాద్దామనుకున్నాను గానీ, మీ మరదలు లక్ష్మి నాతో మాట్లాడి నాలుగు రోజులైంది. కాబట్టి సగం క్షేమం అనుకో.

విషయం చెప్పేస్తాను. నేను ట్రాక్టర్ కొన్నాను.

నవ్వకు. పాతది. స్వాతంత్ర్యం వచ్చిన కొత్తలో ఓడలో దిగిన బాపతు. మా ఆఫీసు వాళ్ల వ్యవసాయ ఫారంలో తుప్పుపట్టి పడుంటే వేలంలో పాడుకున్నాను. నేను తప్ప పాటకి వచ్చినవాళ్లంతా పాత ఇనుము కొనే కబాడీవాళ్లే. ఎందుకు కొన్నావని మాత్రం అడక్కు.

మాకు కూరలు తెచ్చే దశరథ్ అని ఒకాయన ఉన్నాడు. యమున ఒడ్డున కాలీఫ్లవర్ వేస్తాడు. ఆయనే రెండు దున్నపోతుల్ని కట్టి దాన్ని మా అపార్టుమెంట్ల సొసైటీ దాకా లాక్కొచ్చాడు. నడిస్తే తన పొలానికి తీసుకెళ్తానన్నాడు, దున్నుకోవడానికి. నడవకపోతే "లోహా హై, బాబూజీ" అన్నాడు. వట్టి ఇనుమేనట.

నాకు కారు లేదు గానీ కారు పెట్టుకునే చోటు ఉంది కదా, అందులో పెట్టించాను. గేటు దగ్గర మా సెక్రటరీ జనార్దనరావుగారు నిలబడి, "దున్నపోతులు లాక్కొచ్చినదాన్ని ట్రాక్టర్ అనరండీ శేషగిరిగారూ, బరువు అంటారు" అన్నాడు. మనవాడే, ఏలూరువాడు. చుట్టూ ఉన్నవాళ్లంతా నవ్వారు. నాకు ఒళ్లు మండింది. "ఇది వెళ్లేటప్పుడు తన ఇంజన్ మీద తనే వెళ్తుంది. దీనికి ఇంకోసారి తాడు కట్టనివ్వను" అని అందరి ముందూ అనేశాను. అన్నాక వెనక్కి తీసుకోలేను.

గంటసేపు హ్యాండిల్ తిప్పాను అక్కా. ఒక్క దగ్గు కూడా దగ్గలేదు. ఎస్టీడీ బూత్ నుంచి ఫోన్ చేద్దామంటే నీకు వినబడదు. నలభై ఏళ్లు బావ పక్కన ఆ షెడ్డులో ఇంజన్ల మోతలో నిలబడి చెవులు పోగొట్టుకున్నావు. బావ పోయాక కూడా నిడదవోలులో ఏ రైసుమిల్లు ఇంజన్ ఆగినా నీ గుమ్మంలోకే వస్తారు కదా. నాకూ చెప్పు. ఎక్కడ మొదలుపెట్టాలి?

నీ తమ్ముడు
శేషగిరి


నిడదవోలు
20 నవంబరు 1995

ఒరేయ్ శేషూ,

ఆశీస్సులు. నీ ఉత్తరం రెండుసార్లు చదివాను. ఒకసారి నవ్వుకోడానికి, ఒకసారి నమ్మడానికి. ముప్పై నాలుగేళ్లు ఫ్యాను కింద కూర్చుని కాగితాలకి ట్యాగులు కట్టినవాడివి, బల్బు మార్చాలన్నా స్టూలు పట్టుకోడానికి లక్ష్మి కావాలి నీకు. నీకు ట్రాక్టరేవిట్రా?

సరే, అన్నావు కదా. అన్నాక జరగాల్సిందే. మన నాన్న కూతుర్ని నేను, నువ్వు అదే నాన్నకి కొడుకువి. ఆ ఏలూరాయన నవ్వు నాకు ఇక్కడికి వినబడింది, చెవులు లేకపోయినా.

విను. చాలాకాలం పడున్న ఇంజన్‌కి గొట్టాల్లోకి గాలి దూరుతుంది. డీజిల్ పంపు మీద చిన్న స్క్రూ ఉంటుంది, దాన్ని కొంచెం వదులు చేసి, నురగ పోయి ధార వచ్చేదాకా చేత్తో పంపు కొట్టు. తర్వాత బిగించు. నూటికి తొంభై ఇంజన్లు ఇంతే.

హ్యాండిల్ తిప్పేటప్పుడు బొటనవేలు మిగతా వేళ్లతో పాటు ఒకవైపే ఉంచు. చుట్టేసి పట్టుకున్నావా, అది వెనక్కి తన్నితే మణికట్టు విరుగుతుంది. మా షెడ్డులో ముగ్గురికి కట్లు కట్టించాను.

ఇంకోటి. కవరులో కుంకుమ పెట్టాను. బజారుది కాదు, నేను చేసిందే. పసుపుకొమ్ములు, నిమ్మరసం, పటిక వేసి చేసింది. మీ బావ ఏ ఇంజన్ మీద చెయ్యి వెయ్యాలన్నా ముందు దీన్ని నీళ్లలో చిక్కగా కలిపి బొట్టు పెట్టేవాడు. చెయ్యి పెట్టబోయే ప్రతి భాగానికీ పెట్టు. ఎగతాళి చెయ్యకు, చెప్పింది చెయ్యి. ఆ బొట్టు పెట్టిన ఇంజన్ ఏదీ నా షెడ్డులోంచి తాడు మీద బయటికి పోలేదు.

అది నడిచిన రోజున శబ్దం ఎలా ఉందో రాయి. ఇక నేను వినేది నువ్వు రాస్తేనే.

అక్క
లీలావతి


ఢిల్లీ
29 నవంబరు 1995

అక్కా,

నమస్కారం. నీ కుంకుమ చేరింది, నీ తిట్లూ చేరాయి. రెండూ నెత్తిన పెట్టుకున్నాను.

నువ్వు చెప్పిన డీజిల్ పంపు కోసం రెండు రోజులు వెతికాను. దొరకలేదు. రేడియేటర్ దగ్గర ఒక స్క్రూ కనిపిస్తే అదేననుకుని వదులు చేశాను, తుప్పు నీళ్లన్నీ నా చొక్కా మీద పడ్డాయి. చివరికి దశరథ్ వాళ్ల నాన్నని అడిగితే తెలిసింది, దీనికి డీజిల్ పంపు ఉండదట. ఇది పెట్రోలు మీద స్టార్టై, వేడెక్కాక కిరసనాయిలు మీద నడిచే బండి. నాలుగు ప్లగ్గులు ఉన్నాయి. బ్యాటరీ, కాయిల్, డిస్ట్రిబ్యూటర్, దాని మూత మీంచి ప్లగ్గులకి తీగలు.

నీకు ముందే చెప్పాల్సింది. ట్రాక్టరంటే ట్రాక్టరే అనుకున్నాను.

బొట్ల సంగతి మాత్రం నువ్వు చెప్పినట్టే తు.చ. తప్పకుండా చేశాను. జాబితా రాసుకుని మరీ పెట్టాను: బానెట్టుకి ఒకటి, రేడియేటర్‌కి ఒకటి, బ్యాటరీకి రెండు, కాయిల్‌కి ఒకటి, డిస్ట్రిబ్యూటర్ మూతకి అయిదు, ప్లగ్గులకి తలా ఒకటి, హ్యాండిల్‌కి ఒకటి. మొత్తం పదిహేను. ఆఫీసులో స్టాకు సరిచూసినట్టు టిక్కులు పెట్టుకున్నాను. లక్ష్మి పైనుంచి చూసి, మౌనవ్రతం భంగం చేసుకుని, "పెళ్లికూతురు ఎక్కడుంది?" అని అడిగింది.

నిన్న సొసైటీ నోటీసు అంటించారు. నడవని యంత్రాలు జనవరి ముప్పై ఒకటి ఉదయం పది గంటల్లోపు ఆవరణలోంచి తియ్యాలట, లేకపోతే క్రేన్ తెప్పించి కబాడీకి అప్పగిస్తారట. పేరు రాయలేదు. మొత్తం సొసైటీలో నడవని యంత్రం ఒక్కటే ఉంది మరి, నన్ను లెక్కలోకి తీసుకోకపోతే.

నోటీసు కింద "చూశాను, తీస్తాను, నడిపించి తీస్తాను" అని సంతకం పెట్టి వచ్చాను.

శేషు


నిడదవోలు
6 డిసెంబరు 1995

శేషూ, ఇది కార్డు ఎందుకంటే పని ఉంది దీంతో. చివరిదాకా చదువు.

పెట్రోలు బండి అని ముందు చెప్పడానికి నోరేమైందిరా? డీజిల్‌కి మంట దానంతటదే పుడుతుంది. పెట్రోలుకి నిప్పురవ్వ కావాలి. ఆ రవ్వ ఎక్కడ తప్పిపోతోందో చూడాలి. మీ బావ దగ్గరికి జీపులు వచ్చేవి, నాకు తెలుసు.

ఒక ప్లగ్గు తీసి, తీగ దానికే ఉంచి, ఇంజన్ ఇనుముకి ఆనించి హ్యాండిల్ తిప్పించు. పెట్రోలుకి దూరంగా. నీలం రవ్వ వస్తే సరే. రాకపోతే డిస్ట్రిబ్యూటర్ మూత విప్పు. లోపల రెండు చిన్న పాయింట్లు కలుస్తూ విడుతూ ఉంటాయి. నల్లబడి ఉంటాయి. సన్న గరుకు కాగితంతో రుద్ది శుభ్రం చెయ్యి. అవి పూర్తిగా తెరుచుకున్నప్పుడు మధ్య సందు సరిగ్గా ఈ కార్డు మందం ఉండాలి. కింద అంచు ఖాళీ వదిలాను. దాన్ని కత్తిరించి కొలతకి వాడు.

లీల


ఢిల్లీ
17 డిసెంబరు 1995

అక్కా,

నడిచింది! నిన్న మధ్యాహ్నం ఒంటిగంటకి. పది నిమిషాలు నడిచింది.

పాయింట్లు నల్లగా పెనం అడుగులా ఉన్నాయి. రుద్దాను, నీ కార్డు ముక్క దూర్చి సందు సరిచేశాను. తొందరలో కింది అంచు బదులు పక్క అంచు కత్తిరించాను. దాని మీద నిలువుగా నువ్వు ఏదో రాశావు, చూసుకోలేదు, ఇప్పుడది గ్రీజులో ఎక్కడుందో తెలీదు. హ్యాండిల్ మూడోసారి తిప్పేసరికి గర్జించింది అక్కా. ఎండలో నిలబడి కూతకూసే పిల్లాడిలా గంతులేశాను. అయిదో అంతస్తు నుంచి చప్పట్లు కొట్టారు.

ఆ ఉత్సాహంలో తప్పు చేశాను. జనార్దనరావుగారింటికి వెళ్లి, "రేపు ఉదయం ఎనిమిదింటికి కమిటీ మొత్తాన్నీ తీసుకురండి, నోటీసు వాళ్ల చేతే చింపిస్తాను" అన్నాను.

ఈ ఉదయం వచ్చారు. పొగమంచు, ఎదురుగా మనిషి కనబడడు. తొమ్మిదిమంది మఫ్లర్లు కట్టుకుని నిలబడ్డారు. నలభై నిమిషాలు తిప్పాను. ఉలకదు, పలకదు. జనార్దనరావుగారు గడియారం చూసుకుని, "మీ బండికి ఆఫీసు టైమింగ్స్ అలవాటు లేదేమో" అన్నాడు. మళ్లీ నవ్వులు.

మధ్యాహ్నం ఎండొచ్చింది. తిప్పితే మొదటిసారికే అందుకుంది. ఎవరూ లేరు చూడ్డానికి.

నా మీద పగబట్టిందా ఇది? ఇంకో మాట, నువ్వు లక్ష్మికి ఉత్తరం రాశావట. నాకు చూపించకుండా దాచుకుంది. మీరిద్దరూ కలిసి నన్ను ఆపాలని చూస్తున్నారేమో, ఇప్పుడే చెప్తున్నాను, ఆగను.

శేషగిరి


నిడదవోలు
27 డిసెంబరు 1995

శేషూ,

ముందు నీ పొగరు దించు. లక్ష్మి నాకు రాసింది, నేను జవాబిచ్చాను. పొగమంచులో స్వెటరు లేకుండా కూర్చుని ఇనుముతో మాట్లాడుతున్నాడు, దగ్గుతున్నాడు, ఎందుకో చెప్పడు, మీరైనా అడగండి అని రాసింది ఆ పిల్ల. ఆపమని రాయలేదు. నేను ఏం జవాబు రాశానో నీకనవసరం. ముప్పై ఏళ్లు కాపురం చేసినదాన్ని శత్రువుల్లో కలిపేస్తావా? సిగ్గులేదూ?

ఇక బండి. పొద్దున చచ్చి మధ్యాహ్నం బతుకుతోందంటే పగా కాదు, ప్రేమా కాదు. తడి. మంచు తడికి ఎక్కడో కరెంటు దారి తప్పి పారిపోతోంది, ప్లగ్గు దాకా రావట్లేదు. ఎండకి తడి ఆరితే దారిలో పడుతోంది. ఎక్కడ పారిపోతోందో చీకట్లో అయితే కంటికి కనిపిస్తుంది. మంచున్న ఉదయం పూట ఒక దళసరి రజాయి ఇంజన్ మీదా నీ మీదా కప్పుకుని లోపల చూడు. చేతులు దేనికీ తగలనివ్వకు, కొడుతుంది. బయట ఎవరిచేతనైనా హ్యాండిల్ తిప్పించు.

ఇప్పుడు నేను అడుగుతాను, నిజం రాయి. జనార్దనరావు నవ్వింది బండి వచ్చాక. కొన్నది అంతకు ముందు. ఎందుకు కొన్నావ్?

అక్క


ఢిల్లీ
8 జనవరి 1996

అక్కా,

రాస్తాను.

రిటైరవడానికి నాలుగు రోజుల ముందు ఒక ఫైలు వచ్చింది నా బల్ల మీదికి. ఫారంలో ఉన్న పాత ట్రాక్టర్ సంగతి. మరమ్మతుకి పనికివస్తుందో లేదో తనిఖీ చేసి రాయమని. ఫారం ఆఫీసుకి ఎదురుగానే, రోడ్డు దాటితే చాలు. నేను లేవలేదు. "స్వయంగా తనిఖీ చేశాను, మరమ్మతుకి పనికిరాదు" అని రాసి సంతకం పెట్టాను. అలాంటివి ఎన్ని రాశానో నాకే గుర్తులేదు. బీరువాలు, టైపుమిషన్లు, నీళ్ల మోటార్లు. ఒక్కటీ చూడలేదు.

ఆరు నెలల తర్వాత పెన్షన్ కాగితం కోసం వెళ్లి, ఊరికే రోడ్డు దాటాను. అక్కడుంది. బానెట్ మీద తెల్లరంగుతో "కండెమ్డ్" అని, అంటే పనికిరాదని, ఇంతింత అక్షరాలు. ఫారంలో ముసలి తోటమాలి ఉన్నాడు, ఆయన నన్నెరగడు. "నడిచేదే సాబ్, ఎవరో ఆఫీసు బాబు చూడకుండానే రాసేశాడు" అన్నాడు. ఆ బాబుని నేనే అని చెప్పలేదు, దీన్నేం చేస్తారని అడిగాను. మర్నాడే వేలం అన్నారు. పాడాను.

నన్ను కూడా ఇంట్లో, సొసైటీలో అందరూ అలాగే చూస్తున్నారని కాదు అక్కా. అదీ కొంచెం ఉందిలే. కానీ అసలు సంగతి, నేను రాసింది అబద్ధం. దాన్ని అబద్ధమని నా చేత్తో తేల్చాలి. ఇదంతా లక్ష్మికి కూడా నిన్ననే చెప్పాను. లేచి దుప్పట్ల పెట్టె తెరిచింది. తర్వాత, "పొద్దున్న ఏ రజాయి కావాలి?" అంది.

ఇప్పుడు విను, రజాయి సంగతి. ఈ ఉదయం ఏడింటికి మంచు గోడలా ఉంది. నేను రజాయిలో దూరాను. హ్యాండిల్ తిప్పింది ఎవరనుకున్నావ్? మీ మరదలు! కొంగు దోపుకుని, బొటనవేలు నువ్వు చెప్పినట్టే ఒకవైపు పెట్టి. పాలవాడు డబ్బా కింద పెట్టేసి చూస్తూ నిలబడ్డాడట.

లోపల కనిపించింది అక్కా. డిస్ట్రిబ్యూటర్ మూత మీద నీలం మెరుపు ఒకటి, చీమలా పాకుతూ, ఒక తీగ మొదట్లోంచి ఇంకో తీగ మొదట్లోకి. ఎటు నుంచి ఎటు పోతోందని కళ్లు చిట్లించి చూశాను. బొట్టు మీంచి బొట్టు మీదికి పోతోంది.

నీ కుంకుమే అక్కా. పటిక వేశానన్నావు కదా. మంచుకి చెమర్చి, ఒకదాన్లోంచి ఒకదాన్లోకి కారి, మూత చుట్టూ ఎర్రటి గీత కట్టింది. నిప్పురవ్వ ఆ గీత పట్టుకుని షికారు పోతోంది. ఎండకి ఆరితే నడుస్తోంది. అంతే సంగతి. నెల రోజులు నన్ను తిప్పలు పెట్టి, తొమ్మిదిమంది ముందు నిలబెట్టింది నీ బొట్టు.

శేషు


నిడదవోలు
16 జనవరి 1996

ఏవిట్రా కూస్తున్నావ్?

నలభై ఏళ్లుగా పెడుతున్నాను ఆ కుంకుమ. ఒక్క ఇంజన్ ఆగలేదు. నా కుంకుమని అనడానికి నీకు నోరెలా వచ్చిందిరా? మూతకి అయిదు బొట్లు పెట్టమని నేను చెప్పానా? ఆ కార్డు మీద పక్క అంచున రాశాను, మూతకీ తీగలకీ బొట్టు వద్దని. నువ్వు చూసుకోకుండా కత్తిరించుకున్నావు. తప్పంతా నీ కత్తెరది.

కోపం అలా ఉంచు, రోజులు లేవు. మూత విప్పి, పెట్రోలు తడిపిన గుడ్డతో లోపలా బయటా తుడువు. ఒక్క ఎర్రచుక్క మిగలకూడదు. రవ్వ పారిన చోట సన్నగా నల్లటి గీత కాలి ఉంటుంది. అది ఉన్నంతకాలం మళ్లీ అక్కడే పారుతుంది. బ్లేడుతో గీకి పూర్తిగా తీసెయ్యి. గీకిన చోట గోళ్లరంగు రెండు పూతలు వేసి ఆరనివ్వు. నవ్వకు, జీపులకి మీ బావ అదే చేసేవాడు, నా పెళ్లిలో ఇచ్చిన సీసా మొత్తం జీపులకే అయిపోయింది.

మంచున్న రోజు మూతని పొయ్యి దగ్గర వెచ్చగా ఉంచి, ఆఖరి నిమిషంలో తగిలించు.

ఇంకో విషయం. చూడకుండా రాశానని సిగ్గుపడ్డావు. మంచిదే. కానీ గేటు దగ్గర తల దించుకోకు.

అక్క


ఢిల్లీ
1 ఫిబ్రవరి 1996

అక్కా,

ముందు శబ్దం సంగతి, అడిగావు కాబట్టి. మొదట రెండు దగ్గులు, పొడివి. తర్వాత ఒక పెద్ద తుమ్ము, పొగ గొట్టంలోంచి నిరుటి ఎండుటాకులు ఎగిరాయి. తర్వాత టకటకమని తడబడి, ఊపిరి అందుకుని, నాలుగు సిలిండర్లూ వరస కలిశాక ఒకటే పాట. బానెట్ మీద అరచెయ్యి పెట్టాను, నువ్వు పెడతావే, అలా. భుజం దాకా వచ్చింది. నీకు వినబడుతోందా?

ఇప్పుడు మొదటి నుంచి. మూత తుడిచాను, గీకాను. గోళ్లరంగు మా ఇంట్లో ఏది? లక్ష్మి తిన్నగా జనార్దనరావుగారింటికి వెళ్లి వాళ్ల కోడలు ఇషితని అడిగింది. ఆ అమ్మాయికి తెలుగు అర్థమవుతుంది గానీ హిందీలోనే జవాబిస్తుంది. "ఆంటీ, కౌన్ సా కలర్?" అందట, ఏ రంగు కావాలని. లక్ష్మి అయిదు రంగులూ చూసి నీలం తెచ్చింది. ఎరుపు ఇక వద్దంది.

నిన్న ఉదయం మంచు ఏ మాత్రం తగ్గలేదు. తొమ్మిదిన్నరకే క్రేన్ వచ్చి గేటు బయట నిలబడింది, దాని వెనక కబాడీవాడి టెంపో. దశరథ్ కూడా వచ్చాడు, దున్నపోతులు లేకుండా. "నమ్మి వచ్చాను బాబూజీ" అన్నాడు. కమిటీ మొత్తం దిగింది. క్రేన్ వాడు తాడు తీసి ముందు ఇరుసుకి చుట్టబోయాడు. నేను అడ్డంగా నిలబడ్డాను. "పదికి ఇంకా పన్నెండు నిమిషాలుంది భయ్యా. తాడు ముట్టుకున్నావో, ముందు నన్ను కట్టు" అన్నాను. నా గొంతేనా అది అనిపించింది.

లక్ష్మి శాలువా కింద తువ్వాల్లో చుట్టి మూత తెచ్చింది, అట్టు పెనం పక్కన పెట్టి ఉంచిందట, రొట్టెలా వెచ్చగా ఉంది. తగిలించాను. నాలుగు తీగలు, మధ్యది ఒకటి. హ్యాండిల్ మొదటిసారి తిప్పాను, లేదు. రెండోసారి, లేదు. వెనక ఎవరో దగ్గు నటించారు. మూడోసారికి చెయ్యి జారి మోకాలు కొట్టుకుంది. జనార్దనరావుగారు, "శేషగిరిగారూ, ఇక చాలండీ, మీ ఆరోగ్యం..." అన్నాడు. ఆయన మంచికే అన్నాడనుకుంటాను. నాకు మాత్రం, "మరమ్మతుకి పనికిరాదు" అన్నట్టే వినబడింది. "చాలదండీ!" అని అరిచాను. నాలుగోసారి తిప్పాను.

శబ్దం పైన రాశాను.

సీటెక్కాను. దశరథ్ మూడు రోజులుగా గేరు నేర్పాడు, మొదటి గేరు ఒక్కటే వచ్చు నాకు, అది చాలు గేటు దాకా. లక్ష్మి ఎక్కి మడ్‌గార్డ్ మీద కూర్చుంది, వద్దంటే వినదు. దారిలో జనార్దనరావుగారి గులాబీ కుండీలు ఉన్నాయి. ఆయనే వంగి, ఒక్కొక్కటీ పక్కకి జరిపాడు. నవ్వలేదు, పొగకి కళ్లు తుడుచుకున్నాడు.

గేటు దగ్గర చౌకీదారు రిజిస్టరు పట్టుకొచ్చాడు. బయటికి పోయే సామాను రాయాలి కదా. ఇంజన్ ఆపకుండానే, స్టీరింగ్ మీద పెట్టుకుని రాశాను. వస్తువు: ట్రాక్టర్, ఒకటి. వెళ్లిన విధం: సొంత ఇంజన్ మీద. పక్కన రిమార్కుల గడి ఉంది. ముప్పై నాలుగేళ్లలో మొదటిసారి, రాసే ముందు తలెత్తి వస్తువు వైపు చూశాను. "పనికివస్తుంది. స్వయంగా చూసి రాసినది" అని రాసి సంతకం పెట్టాను.

అక్కడినుంచి దశరథ్ నడిపాడు. ఈ మధ్యాహ్నం వెళ్లి చూశాం, కాలీఫ్లవర్ తీసేసిన మడి సగం దున్నేశాడు.

సామాన్ల పెట్టె సర్దుతుంటే నీ కార్డు ముక్క దొరికింది అక్కా. కిరసనాయిలుతో గ్రీజు తుడిచి చదివాను. అందులో మూత మాట లేదు, తీగల మాట లేదు, బొట్టు మాట లేదు. "లక్ష్మిని కసురుకోకు" అని ఉంది.

శేషు


నిడదవోలు
9 ఫిబ్రవరి 1996

శేషూ,

వినబడింది. షెడ్డులో పెద్ద ఇంజన్ మీద అరచెయ్యి పెట్టుకుని చదివాను.

ఆ ముక్క దొరుకుతుందనుకోలేదు. గ్రీజులో పోయిందన్నావు కదా అని అబద్ధమాడడానికి ధైర్యం చేశాను. సరే విను, మళ్లీ మళ్లీ రాయను. కుంకుమదే తప్పు. అంటే నాదే. నేను బొట్టు పెట్టినవన్నీ డీజిల్ ఇంజన్లు, వాటికి ఎక్కడ పెట్టినా చెల్లింది; జీపులకి మీ బావే బానెట్ మీద ఒక్కటి పెట్టేవాడు. నీదేం బండో అడగలేదు, చూడలేదు. ఇక్కడ కూర్చుని ప్రతి భాగానికీ పెట్టమని రాసేశాను. నువ్వు ఆఫీసులో చేసిందే నేనూ చేశాను.

కవరులో మళ్లీ కుంకుమ పెట్టాను. దశరథ్ పొలానికి వెళ్లి, బానెట్ మీద ఆ తెల్లరంగు అక్షరాలు గీకేసి, ఆ చోటే ఒక్క బొట్టు పెట్టు. ఒక్కటే. లక్ష్మి చేత పెట్టించు.

అక్క